సాంచాల మధ్య దారం లేని పిలుపు

ముంబై పక్కనున్న భివండిని చూడటానికి ఎవరూ వెళ్లరు. పనుండి వెళ్తారు, లేదా పని కోసం వెళ్తారు. నేను వెళ్లొస్తానని స్టాఫ్ రూములో చెబితే "షిరిడీకా?" అని ఒకరు, "వచ్చేటప్పుడు నాసిక్ ద్రాక్ష తెండి" అని ఇంకొకరు అన్నారు. అక్కడ చూడటానికి ఏముందని అడిగినవాళ్లకీ, అడగకుండా నవ్వినవాళ్లకీ కలిపి ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. సొంతూరు తెనాలి. మా ల్యాబులో పనిచేసే స్వరూపకు తొలి కాన్పు దగ్గరపడింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన పద్ధతి. కానీ ఆమె పుట్టిల్లు భివండిలో ఒక్క గది. అందుకని తల్లే ఇక్కడికి వస్తుందనుకున్నారు. ఆ తల్లేమో రాలేనంటోంది.

"మా బాపుకు చెవులు పోయినయి మేడం. అవ్వ పక్కన లేకుంటే సాంచాలు నడపలేడు. సాంచాలు పోతే ఈ వయసుల బాపుకు పని ఎవలిస్తరు?" అంది స్వరూప. సాంచా అంటే మరమగ్గం. కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి వెళ్లిన నేతవాళ్లు ఆ మాటను కూడా తమతో భివండికి పట్టుకుపోయారు.

ఆ రోజుల్లో నేనూ మా విద్యార్థులూ బ్యాటరీ అక్కర్లేని రేడియో బిళ్ళలు తయారుచేస్తున్నాం. స్వరూప వాటిని తుడిచి సర్దుతూ "వీటితోని ఏమన్న అయితదా మేడం?" అని అడిగింది. ఎందుకవదు, అవుతుందన్నాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. రైలు టికెట్టు తీసుకున్నాను.

ఠాణే దాటాక

ఠాణేలో దిగి షేర్ ఆటో ఎక్కాను. ఒళ్లో బిళ్ళల పెట్టె, కాళ్ల దగ్గర బట్టల సంచి, పక్కన నలుగురు మనుషులు. భివండి ఎంత దూరమని నా పుస్తకాల హిందీలో డ్రైవర్ని అడిగాను. వెనకనుంచి ఒకాయన, "తెలుగులనే అడుగుండ్రి మేడం, మీకూ అలకగ ఉంటది, మాకూ అలకగ ఉంటది" అన్నాడు. ఆటోలో సగంమంది నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు.

ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. కాల్హేర్‌లో గోడౌన్ల దగ్గర లారీలకు సరుకెక్కిస్తాడు. అంతకుముందు సాంచాల మీద పనిచేసేవాడట. "సాంచాలు తగ్గుతున్నయి మేడం, గోడౌన్లు పెరుగుతున్నయి. నడుము నొస్తది గని ఈడ చెవులన్న మిగులుతయి" అన్నాడు. దిగేముందు నా పెట్టె వైపు చూసి, "కార్ఖానాకు పోతున్నరు కద, చెవులల్ల దూది పెట్టుకోండ్రి" అని మరీ మరీ చెప్పాడు. తోబుట్టువుకు చెప్పినట్టు చెప్పాడు.

అంజూర్ ఫాటా దగ్గర లారీల మధ్య ఆటో ఇరుక్కుపోయింది. ఎంతకీ కదలదని తేలాక అందరం దిగి వడాపావ్ తిన్నాం. ఇరవై రూపాయలు. మా తెనాలిలో బజ్జీలోకి పచ్చి ఉల్లిపాయ ఇస్తారు, ఇక్కడ ఎండు వెల్లుల్లి కారం చల్లి ఇచ్చారు. ఆ కారం కాస్త నా పెట్టె మూతలోకి జారిపడింది. ఈ ప్రయాణం పూర్తయ్యేవరకూ నా పరికరాలన్నీ వెల్లుల్లి వాసనే కొట్టాయి.

పావ్, పచ్చిపులుసు

స్వరూప తల్లిదండ్రుల ఖోలి వరాలా తలావ్‌ అనే చెరువుకు పది ఇళ్ల ఇవతల. ఒకటే గది, అందులోనే మంచం, పొయ్యి, దేవుళ్లు. తల్లి పేరు రాజవ్వ, తండ్రి పేరు ఓదెలు. గుమ్మంలోనే రాజవ్వ నా వయసు అడిగింది. చెప్పాను. "అయితే నాకు చెల్లెవే" అని తేల్చేసి, మేడం అన్న మాట అక్కడితో మానేసింది. అలా ఓదెలు నాకు బావగారయ్యారు. ఆయన మాత్రం చివరిదాకా మేడం అనే పిలిచారు.

అన్నం వండే వేళ కాలేదని పావ్, పచ్చిపులుసు పెట్టింది. బొంబాయి రొట్టెను తెలంగాణ పులుసులో ముంచుకు తినొచ్చని నాకెవరూ ఇన్నేళ్లూ చెప్పలేదు. మూడు తిన్నాను. ఓదెలుగారు నా పెదవుల్నే చూస్తూ కూర్చున్నారు. ఆయన వినడం అదే. మాటలు మాత్రం వీధి చివరికి వినపడేలా మాట్లాడతారు. "మంచిగున్నదా మేడం?" అని అడిగితే గోడకున్న గిన్నెలు కదిలినట్టనిపించింది.

"ముప్పయి ఏండ్లు సాంచాల నడుమ ఉంటే చెవులు ఏముంటయి" అంది రాజవ్వ. "నేను పోతే ఈయన సాంచాలు పోతయి. నేను పోకుంటే బిడ్డ మనసు ఇరుగుతది. 'అందరికి అవ్వలు ఉన్నరు, నాకు లేదా' అని ఫోన్ల ఏడ్సింది. నేను ఎటు పోవాలె చెల్లె?" అని, నా జవాబు కోసం చూడకుండా లేచి గిన్నెలు కడగడానికి కూర్చుంది. ఆ పూట నేను ఇచ్చిన మాట నా మెడకు బరువుగా తగిలింది.

ఎర్ర దారం

మధ్యాహ్నం కార్ఖానాకు తీసుకెళ్లారు. ఆటోలో చెప్పిన పెద్దమనిషి మాట విని దూది పెట్టుకున్నాను. అయినా గుమ్మం దాటగానే ఆ చప్పుడు ఛాతీలోకి దూరింది. రెండు వరసల నిండా సాంచాలు, గాలిలో నూలు దుమ్ము. అందరూ చేతులతో, కనుబొమ్మలతో మాట్లాడుకుంటున్నారు.

ఓదెలుగారి చేతికింద ఆరు సాంచాలు, మూడు ముందు, మూడు వెనక. మూటిని చూస్తుంటే మూడు ఆయన వీపు వెనక ఉంటాయి. నూలు చుట్టిన కండెలో పోగు అయిపోయినా తెగినా సాంచా ఆగుతుంది. అడ్డపోగును మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె అడ్డం పడితే చప్పుడు మారుతుంది, వెంటనే పట్టుకోకపోతే నిలువు పోగులు బారెడు తెగుతాయి. మిగతా నేతగాళ్లు అంత గోలలోనూ తమ సాంచా గొంతు మారితే గుర్తుపట్టి వెనక్కి తిరుగుతారు. ఓదెలుగారి ఎడమ మణికట్టుకు ఒక ఎర్ర దారం కట్టి ఉంది. అది పైకి వెళ్లి, దూలానికున్న కొక్కెంలోంచి జారి, మూలన కండెలు చుట్టే రాజవ్వ ముక్కాలి పీట దగ్గర దిగింది.

వినేది ఆవిడ. ఎన్నో సాంచా ఆగితే అన్నిసార్లు దారం గుంజుతుంది, ఆయన సరిగ్గా దాని దగ్గరికే వెళ్తారు. మిషన్లో పడి మనిషిని లాగదా అని నేను భయపడితే, "ఒంటి పోగే చెల్లె, పట్టుకుంటే అదే తెగుతది" అంది. చూస్తూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి ఏ సాంచా ఆగకుండానే దారాన్ని మెల్లగా కదిపింది. ఆయన తిరగలేదు, తనూ దారాన్ని అట్లాగే ఒకసారి కదిపి పని చేసుకున్నారు. అదేమిటని బయటికొచ్చాక అడిగాను. రాజవ్వ సిగ్గుపడింది. "గదా? గదేం లేదు. ఉన్నవా అని" అంది.

శుక్రవారం

భివండిలో సాంచాలకు శుక్రవారం సెలవు. మాకు ఆదివారం ఎట్లాగో వీళ్లకది. ఆగిన సాంచాల మధ్య నిలబడితే ఊరు వేరే ఊరులా ఉంది, పావురాల రెక్కలు కూడా వినిపించాయి. కార్ఖానా యజమాని నర్సింలు సేటు వచ్చాడు. ఆయనదీ సిరిసిల్ల వైపే. పేరుకు సేటు గానీ చొక్కా మీద నూనె మరకలు.

"నాకు ఓదెలన్నతోని దుశ్మనీ ఏం లేదు మేడం" అన్నాడు. "మొన్న నాడె ఎగిరింది. 'జరుగు జరుగు' అని అందరు అర్చిన్రు. ఆయనకు ఇనరాలె. వదినె దారం గుంజితే జరిగిండు. ఆమె లేనినాడు ఏమన్నయితే నేను ఆమెకు ఏం మొకం చూపియ్యాలె? వైర్లతోని లైట్లు పెట్టించిన. సాంచా ఊపుకు వైర్లు తెగుతయి, నిప్పురవ్వ పడితే నూలు అంటుకుంటది. మీ డబ్బీ నడిస్తే మంచిదే. నడవకుంటే వదినె పోయిన్నాడే సాంచాలు వేరేటోళ్లకిస్త." ఆ మాటలో కోపం లేదు, భయముంది.

ఆయనకు చెప్పినట్టే మీకూ చెబుతాను. రేడియోలో సొంతంగా మాట పంపాలంటే కరెంటు కావాలి, దూరం పోవాలంటే మరింత కావాలి. మా బిళ్ళ సొంతంగా ఏమీ పంపదు. గోడకు తగిలించిన పెట్టె నుంచి రేడియో అలలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, బిళ్ళ వాటిని తన పద్ధతిలో వెనక్కి తిప్పుతుంది. చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండను ఎదురింటి గోడ మీదికి కొట్టలేదూ, అదే. ఎండ మనది కాదు, తిప్పడమే మన పని. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. ఆ కాస్త పనికి కావలసిన శక్తిని బిళ్ళ సాంచా ఊపులోంచే తీసుకుంటుంది. అలా తిరిగొచ్చే అల చాలా నీరసంగా ఉంటుంది. అందుకని చేను అవతలి మనిషిని "ఓ..." అని సాగదీసి పిలిచినట్టు, ప్రతి కబురునూ సాగదీస్తాం. సాగదీస్తే ఎంత గోలలోనైనా, ఎంత దూరంలోనైనా పట్టుకోవచ్చు.

బిళ్ళ చెప్పేది ఒకటే, "నడుస్తున్నాను" అని. సాంచా ఆగినా, నాడె అడ్డం పడి ఊపు మారినా అదీ ఆగుతుంది. దాని కబురు రాకపోతే ఓదెలుగారి కుడిచేతికి నేను కట్టిన పట్టీ ఎన్నో సాంచా అయితే అన్నిసార్లు అదురుతుంది. సేటు మాట విన్నాక గోడకు ఇంకో బిళ్ళ పెట్టాను. దాన్ని ఎవరు నొక్కినా పట్టీ ఆగకుండా అదురుతుంది, జరగమని అర్థం.

సాయంత్రానికి అన్నీ బిగించి ఖోలికి వెళ్లి స్నానం చేశాను. రాజవ్వ మాత్రం కార్ఖానాలో ఉండిపోయింది. ప్రతి శుక్రవారం సాంచాలకు పసుపు కుంకుమ పెట్టడం ఆవిడ అలవాటు. మంచిదేగా అనుకున్నాను.

నాలుగో సాంచా

శనివారం పొద్దున రాజవ్వను పీట మీద కూర్చోనివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబెట్టాం. మణికట్టుకు దారం ఉంది గానీ గుంజేవాళ్లు లేరు. సాంచాలు మొదలయ్యాయి. ఒకటి ఆగింది, పట్టీ అదిరింది, ఓదెలుగారు వెళ్లారు. నాకు గాల్లో తేలినట్టుంది.

ఆ తరవాత పట్టీ నాలుగుసార్లు అదిరింది. ఆయన నాలుగో సాంచాకు పరుగెత్తారు. అది శుభ్రంగా నడుస్తోంది. వెనక్కి వచ్చారో లేదో మళ్లీ నాలుగు. మళ్లీ పరుగు. అది నడుస్తూనే ఉంది, పట్టీ మాత్రం ఆగిందంటోంది. ఆయన దాని ముందే నిలబడి నా వైపు అయోమయంగా చూశారు. అప్పుడే ఆయన వీపు వెనక రెండో సాంచాలో నాడె అడ్డం పడింది. పట్టీ రెండుసార్లు అదిరే ఉంటుంది, ఆ నాలుగుల గోలలో ఆయనకు తెలియలేదు. రాజవ్వ గుమ్మంలోంచి దారం కోసమన్నట్టు చెయ్యి చాచింది, అక్కడ దారమెక్కడిది? సేటు వెళ్లి ఆపేసరికి పోగులు బారెడు తెగిపోయాయి.

ఓదెలుగారు తెగిన పోగుల్ని ఒక్కొక్కటే ముడివేస్తూ కూర్చున్నారు. సేటు తల అడ్డంగా ఊపి టీ తాగడానికి వెళ్లాడు. రాజవ్వ ఏడవలేదు, కొంగు బిగించి పీట మీద కూర్చుని దారం చేతిలోకి తీసుకుంది. ఇక ఎక్కడికీ పోనని చెప్పినట్టే ఉంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగో సాంచాను ఆపించి, ఫోన్ లైటు వేసుకుని దాని కిందికి దూరాను. బిళ్ళ మీద పసుపు, కుంకుమ బొట్టు ఉన్నాయి. అవి మిగతా బిళ్ళల మీదా ఉన్నాయి, వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు. దీని మీద ఇంకోటి కూడా ఉంది. తళతళలాడే జరీ పోగును మెడలో పుస్తెలతాడులా చుట్టలు చుట్టలుగా ఎవరో కట్టారు. జరీ మీద లోహపు పూత ఉంటుంది, సాంచా ఊపుకు ఆ చుట్టలు బిళ్ళ మీదికి జారాక వాటి మధ్య అల ఇరుక్కుపోయింది. పాపం ఆ బిళ్ళ అప్పటినుంచీ నడుస్తున్నాను, నడుస్తున్నానని అంటూనే ఉంది, బయటికి మాత్రం రాలేదు.

"అయ్యో, నేనే కట్టిన" అంది రాజవ్వ. "నాలుగోది మొండిది చెల్లె. ఎప్పుడు అదే సతాయిస్తది. 'ఇగ నా బదులు నువ్వే చూస్కోవాలె' అని పక్క కార్ఖానాల జరీ అడుక్కొచ్చి కట్టిన. దిష్టి తగలొద్దని."

సేటు టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "మొక్కి మొక్కి దాన్ని మూగదాన్ని చేసినవా వదినె!" అని పడీ పడీ నవ్వాడు. అంతవరకూ తలెత్తని ఓదెలుగారు ఆ నవ్వు చూసి, సంగతేమిటో తెలియకుండానే తనూ నవ్వారు. నేను జరీని జాగ్రత్తగా విప్పి, బిళ్ళకు దూరంగా సాంచా నుదుటికి కట్టించాను. ముడి రాజవ్వే వేసింది.

తలావ్ గట్టు దాకా

ఆ సాయంత్రం తలావ్‌కు వెళ్దామని రాజవ్వను బలవంతంగా లేవదీశాను. చేతిలో బిళ్ళల కబురు పట్టే రిసీవరు, దాని మీద ఆరు పచ్చ దీపాలు, సాంచాకొకటి. ఈ నీరసపు అలలు ఎంత దూరం వస్తాయో చూడాలని నా సరదా. కార్ఖానా సందు దాటాం, పాల కొట్టు దాటాం, మసీదు మలుపు తిరిగాం. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"గింత దూరం ఇనవడుతున్నదా?" అని రాజవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇదే గట్టు మీద తెలుగువాళ్లంతా బతుకమ్మ ఆడతారని, స్వరూప చిన్నప్పుడు మరాఠీ బడి పాటలు కలిపి పాడేదని చెబుతోంది. అంతలో నాలుగో దీపం ఆరిపోయింది.

ఆవిడ మాట ఆగింది, కాళ్లు ఆగాయి. కుడిచెయ్యి గాల్లోనే గుంజబోయింది. దీపం మళ్లీ వెలిగింది.

"ఆయనే చూస్కున్నడు" అంది రాజవ్వ. సంతోషంగానే అంది. కానీ ఆ మొహంలో ఏదో చిన్నబోవడం కూడా ఉంది. నాకది తప్పనిపించలేదు. ఇన్నేళ్లు ఒక మనిషికి చెవులుగా బతికి, ఒక్క సాయంత్రంలో ఆ పని ఇంకొకరికి అప్పగించాలంటే ఎవరికైనా బాధే. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచాను. గట్టు ఎక్కేసరికి దీపాలన్నీ ఆరాయి. అల ఓపిక అక్కడివరకే.

మళ్లీ ఠాణే

ఆదివారం సేటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. చివరికి, "ఆరు వద్దు, వదినె వచ్చేదాక నాలుగు ఉంచుత. వచ్చినంక ఆరు" అన్నాడు. అడిగినదంతా రాలేదు గానీ, పోయేదేమీ పోలేదు. రాజవ్వ నాతోపాటే బయల్దేరింది. బిడ్డ కోసం పసుపు కొమ్ములు, వాము, ఎల్లిపాయలు మూటగట్టింది.

పట్టీ ఉందిగా, ఇక ఈ దారం తీసేయనా అని ఓదెలుగారి మణికట్టు చూపించి సైగ చేశాను. "ఉండనియ్యుండ్రి" అన్నారు. తరవాత తన పద్ధతిలో, అంటే వీధి వీధంతా వినేలా, "ఇది సాంచా ఆగిందని మంచిగ చెప్తది మేడం. తిన్నవా అని అడగది" అన్నారు. రాజవ్వ "అందరు చూస్తున్నరు, ఊకో" అని కసిరింది. రైల్లో చాలాసేపు కిటికీ వైపే తిరిగి కూర్చుంది. షోలాపూర్ దాటేవరకూ నా కొంగు చివర ఆవిడ వేళ్ల మధ్యే ఉంది, అప్పుడప్పుడూ మెల్లగా కదిలేది. నేను కూడా ఒకసారి కదిపాను.

ఆసుపత్రి వరండాలో

స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కబురు భివండికి చెప్పాలి. అప్పుడు గుర్తొచ్చింది, ఓదెలుగారికి ఫోన్ చేస్తే ఆయనకు వినపడదు. పనివేళ ఫోన్ వైపు చూడరు కూడా. సేటుకు వీడియో కాల్ చేశాం. తెర నిండా సాంచాలు, చెవులు పగిలే చప్పుడు, దూరాన నాలుగు సాంచాల మధ్య మాకు వీపు పెట్టి ఓదెలుగారు.

"గోడ బిళ్ళ నొక్కుతున్న వదినె, ఉరికొస్తడు!" అని సేటు అరిచాడు.

"ఆ బిళ్ళ నొక్కకు సేటూ, బుగులుపడ్తడు!" అని రాజవ్వ అంతకన్నా గట్టిగా అరిచింది. వరండాలో నర్సులు తిరిగి చూశారు. "నా పీట కాడ దారం ఉంటది సూడు. ఉన్నదా? దాన్ని మెల్లగ ఒక్కసారి కదుపు. మెల్లగనే. గట్టిగ గుంజితే ఒకటో సాంచా అనుకుంటడు."

సేటు ఆ చిన్న పీట మీద కష్టంగా కూర్చున్నాడు. ఒక చేత్తో ఫోన్ మా వైపు పట్టుకుని, ఇంకో చేత్తో దారం అందుకున్నాడు. సాంచాలు తిప్పే ఆ మొరటు చెయ్యి అంత నెమ్మదిగా కదలగలదని నేననుకోలేదు.

ఓదెలుగారు సాంచాల వైపు చూడలేదు. పట్టీ వైపూ చూడలేదు. వెనక్కి తిరగలేదు కూడా. ఉన్నచోటే నిలబడిపోయారు. తరవాత సేటు వేళ్ల మధ్య ఎర్ర దారం, అటునుంచి, మెల్లగా ఒకసారి కదిలింది.

"ఉన్నడు" అంది రాజవ్వ.